పొలం మాట మధ్యలో దాచేశారేం?

"ఊళ్లో గొడవలో ఒకరి ప్రాణం పోయిన కేసులో మా తమ్ముడు తొమ్మిదేళ్లుగా చర్లపల్లి జైల్లో ఉన్నాడు. మార్చిలో విడుదల. ఇక్కడికొస్తే అవతలివాళ్లు ఊరుకోరేమో, మా అమ్మాయి సంబంధాలు చెడతాయేమో అని భయం. నాన్న పోయాక రెండెకరాలూ నా పేరున పట్టా అయ్యాయి, నేనే చేసుకుంటున్నాను. తమ్ముడికి హైదరాబాద్‌లోనే టీ కొట్టు పెట్టిస్తే మేలా, కిరాణా దుకాణమా?"
– ఒక అన్న, జగిత్యాల జిల్లా

టీ కొట్టో కిరాణమో నన్నెందుకు అడుగుతారు? నడిపేది అతను, అతన్నడగండి. ఉత్తరమంతా వెతికాను, ములాఖత్‌కు ఎప్పుడు వెళ్లారో ఒక్క ముక్క లేదు. తమ్ముడి మనసులో ఏముందో మీకు తెలిసినట్టు లేదు.

పని గురించి అంత దిగులక్కర్లేదు. చర్లపల్లిలోనే ఖైదీల వ్యవసాయ క్షేత్రం ఉంది. జైళ్లశాఖ పెట్రోల్ బంకుల్లో విడుదలైనవాళ్లకూ పని ఇస్తున్నారు. జైల్లో చేసిన పనికి కూలి జమవుతుంది, అది ఎంతుందో, ఏ పని నేర్చుకున్నాడో వెళ్లి అడగండి.

నాకు గుచ్చుకున్నది ఆ రెండెకరాలు. మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు. జైలుకు పోయినంత మాత్రాన తండ్రి ఆస్తిలో వాటా పోదు. పట్టా మీ పేరున ఉంది కాబట్టి రైతుబంధు (ఇప్పుడు రైతు భరోసా) కూడా ఇన్నేళ్లూ మీ ఖాతాలోనే పడి ఉంటుంది. చెమటోడ్చింది మీరే, కాదనను, ఆ లెక్క వేరే. కానీ అన్న అంటే తండ్రి తర్వాత తండ్రి అని పెరిగినవాళ్లం మనం. తమ్ముడు ఊళ్లో లేని సమయం చూసి చేసిన పట్టాను నేను మాత్రం పంపకం అనను. "అవతలివాళ్లు" నిజంగానే భయమైతే పెద్దమనుషుల్ని వెంటేసుకుని మీరే ముందు వాళ్ల గడప తొక్కండి. భయం పొలం గురించే అయితే హైదరాబాద్ కాదు, అమెరికా పంపినా తీరదు.

నా దగ్గరికొచ్చిన ఒకాయన, పన్నెండేళ్లు లోపల ఉండి వచ్చినవాడు, సాయంత్రం ఆరయ్యేసరికి వాకిట్లోంచి లేచి గదిలోకి వెళ్లిపోయేవాడు. లాకప్ వేళ. మూసి ఉన్న తలుపు ముందు ఎవరో తీస్తారని నిలబడేవాడు, గడియ తన చేతికి అందేంత దూరంలోనే ఉన్నా. అతనికి తొలి ఆర్నెల్లూ పక్కనుండి చెయ్యి పట్టుకున్నది అతని అన్నే. అలాంటివాణ్ని ఊరుగాని ఊళ్లో ఒంటరిగా టీ కొట్టు మీద కూర్చోబెడతారా?

తమ్ముడికి పెళ్లై ఉంటే, పుట్టింట్లో ఉన్నా, ఎక్కడున్నా మరదలికీ ఓ మాట చెప్పండి. తర్వాత పాసుపుస్తకం జిరాక్స్ తీసుకుని ములాఖత్‌కు వెళ్లండి. ఊరికొస్తావా, అక్కడే ఉంటావా అని అతన్నే అడగండి. ఏది చెప్పినా ఒక ఎకరం అతనిదేనని ముందు మీ నోటితో చెప్పాక అడగండి. ఆధార్ కార్డు మర్చిపోకండి, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు.