షవర్ గోడ వెనుక పైపు కారుతుంటే టైల్స్ అన్నీ పగలగొట్టవలసిందేనా?

షవర్ ఉన్న గోడకు అవతల, పడకగదిలో చెమ్మ ఎక్కి పెచ్చులు రాలుతున్నాయని, ప్లంబరు టైల్స్ మొత్తం తీసివేయాలంటున్నారని, వేరే మార్గం ఉందా అని అడిగారు. ఉంది. అనంతపురంలోని మా ఇంట్లో ఇదే ఇబ్బంది వచ్చినప్పుడు బాత్రూమ్ వైపు ఒక్క టైల్ కూడా కదిలించకుండా, పడకగది వైపు నుంచే గోడ తెరిచి బాగు చేయించాము. అటువైపు పోయేది కాస్త ప్లాస్టరింగు, రంగు మాత్రమే. పాత టైల్స్‌కు సరిపోయే రంగువి మళ్ళీ దొరకడమే కష్టం.

అయితే ఉలి పట్టక ముందే, నీరు పైపు నుంచి వస్తోందా, టైల్స్ సందుల నుంచి దిగుతోందా అన్నది తేల్చుకోండి. ట్యాంకు వాల్వు తెరిచే ఉంచి, ఆ బాత్రూమును మాత్రం రెండు మూడు రోజులు వాడకండి. చెమ్మ ఏమాత్రం తగ్గకపోతే లోపం నీళ్ళ పైపులోనే ఉండే అవకాశం ఎక్కువ. తగ్గుముఖం పడితే టైల్స్ సందులనో, నీళ్ళు పోయే జాలీ చుట్టుపక్కలనో అనుమానించాలి. పైపే అని తేలితే, చెమ్మ అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి, వేడినీళ్ళ లైను వాల్వు ఒక్కటే కట్టి చూడండి. మా ఇంట్లో అలా కట్టాక చెమ్మ ఆ గీత దాటలేదు కనుక, కారుతున్నది వేడినీళ్ళ లైనని తెలిసిపోయింది.

గోడ తెరిచాక కనిపించినది చెప్పాలి. మీగడ రంగు సీపీవీసీ (వేడినీళ్ళకు వాడే ప్లాస్టిక్ పైపు) లైను మధ్యలో, గతంలో ఎవరో మరమ్మతు చేస్తూ జానెడు తెల్ల యూపీవీసీ (చన్నీళ్ళకు వాడే ప్లాస్టిక్ పైపు) ముక్కను మర (థ్రెడ్) జాయింట్లతో బిగించి వెళ్ళారు. ఆ మర దగ్గర వెంట్రుకంత పగులు, దాని వెంబడి బోరు నీటి ఉప్పు తెల్లగా గట్టిపడి ఉంది. యూపీవీసీ 60 డిగ్రీలు దాటిన నీటికి పనికిరాదు, సీపీవీసీ 93 డిగ్రీల వరకు తట్టుకుంటుంది. మన ఎండలకు మిద్దె మీది సోలార్ హీటరు నీళ్ళు 60 దాటడం పెద్ద విశేషం కాదు. పైగా ట్యాంకు 10 మీటర్ల ఎత్తున ఉన్నా పైపులో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 1 కిలో మాత్రమే ఉంటుంది, ఎస్‌డీఆర్ 11 రకం (బయటి వ్యాసం పైపు మందానికి 11 రెట్లు ఉండే) సీపీవీసీ పైపు 82 డిగ్రీల వేడిలో కూడా 7 కిలోల వరకు ఓర్చుకుంటుంది. అందువల్ల మేకు దిగితే తప్ప పైపు తనంతట తాను పగలడం అరుదు. ముందుగా అతుకులు, ఎల్బోలు (పైపు మలుపు తిరిగే ముక్కలు) ఉన్న చోటే తెరవమని చెప్పండి.

పాడైన ముక్కను కోసి, రెండు కప్లింగుల (పైపులను కలిపే గొట్టపు ముక్కల) మధ్య కొత్త సీపీవీసీ ముక్క పెట్టడమే అసలు పని. గోడలో బిగుసుకుపోయిన పైపు ముందుకు, వెనుకకు జరగదు గనుక, కొత్త ముక్క కప్లింగుల్లో పూర్తిగా దిగేందుకు రెండు వైపులా అడుగు మేర పైపును బయటపెట్టించాలి; చిన్న రంధ్రంలో చేయి దూర్చి చేసిన అతుకును నేను నమ్మను. వాల్వు కట్టినా పైపులో మిగిలిన నీరు చుక్కచుక్కగా దిగుతూనే ఉంటుంది. కాబట్టి కింది కుళాయి తెరిచి లైను ఖాళీ చేయించి, కోసిన అంచును గరుకు కాగితంతో రుద్దించి, తడి లేకుండా గుడ్డతో తుడిపించిన తరువాతే సీపీవీసీ సొల్యూషన్ (అతికించే జిగురు) పూయించండి. పైపును పావు మలుపు తిప్పుతూ లోపలికి నెట్టి అర నిమిషం గట్టిగా పట్టుకోకపోతే అది మెల్లగా వెనక్కి జారుతుంది. పైపైన ఎమ్‌సీల్ అద్దితే చాలనేవారుంటారు. వేడికి సాగి, చల్లారితే ముడుచుకునే లైనులో అది ఎక్కువ కాలం పట్టుకొని ఉండదు.

ఆ సాయంత్రానికే గోడ మూసేద్దామని మేస్త్రీ తొందరపెడతాడు, ఒప్పుకోకండి. 24 గంటలు ఆరనిచ్చి, షవర్ మూతికి ప్లగ్గు బిగించి, ప్రెషర్ పంపుతో పరీక్షించి, అతుకులు పొడిగా ఉన్నాయని మీ వేళ్ళతో తడిమి చూసిన తరువాతే సిమెంటు వేయించండి. తెరిచిన చోట కోళ్ళ జాలీ (సన్నని తీగ వల) కొట్టించి ప్లాస్టరింగు చేయిస్తే పాత, కొత్త సిమెంటు కలిసే చోట బీటలు పడే అవకాశం తగ్గుతుంది. గోడ లోపలి తడి ఆరడానికి వారాలు పడుతుంది. ఆలోగా పైకి తేలే తెల్లటి ఉప్పును పొడి బ్రష్షుతో రాల్చుకుంటూ ఉండి, అది తేలడం ఆగిన తరువాత రంగు వేయించండి.