మామయ్య ఆదాయం చూపిస్తే స్కాలర్‌షిప్ వస్తుందా?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. విజయవాడలో బీటెక్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. పెళ్లికి ఒప్పుకోలేదని ఇంట్లో గొడవై బయటికి వచ్చేశాను. ఎనిమిది నెలలుగా మేనమామ దగ్గర ఉంటున్నాను. నాన్న ప్రభుత్వోద్యోగి కావడంతో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి అర్హత లేదన్నారు. నన్ను చదివిస్తున్నది మామయ్యే, ఆయనది చిన్న టైలరింగ్ షాపు. ఆయన ఆదాయ ధ్రువపత్రం పెట్టవచ్చా?
– ఓ విద్యార్థిని, విజయవాడ

జవాబు: పెట్టవద్దు. అన్నం పెడుతున్నది ఎవరన్నది ఈ పథకాలు చూడవు, అమ్మానాన్నలు ఉన్నారా లేరా అన్నదే చూస్తాయి. ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ (పదో తరగతి తర్వాతి చదువుల) స్కాలర్‌షిప్‌కి కేంద్రం రాసిన మార్గదర్శకాల్లో ఈ మాట స్పష్టంగా ఉంది. ఇద్దరిలో ఒక్కరు బతికి ఉన్నా లెక్కలోకి వచ్చేది వాళ్ల ఆదాయమే. ఇద్దరూ చనిపోతేనే చదివించే సంరక్షకుడి ఆదాయం చూస్తారు. మన రాష్ట్రంలో కుటుంబ ఆదాయ పరిమితి ఏడాదికి 2.5 లక్షలు. వార్డు సచివాలయంలో మీ పేరును మామయ్య ఇంటి కిందికి మార్పించుకున్నా మీ నాన్నగారి ఉద్యోగం మాసిపోదు. తప్పుడు వివరాలతో మంజూరు చేయించుకుంటే డబ్బు వెనక్కి కట్టించుకుంటారు, తర్వాత ఏ స్కాలర్‌షిప్‌కీ రానివ్వరు.

ఇంగ్లండ్‌లో తల్లిదండ్రులిద్దరితోనూ రాకపోకలు పూర్తిగా తెగిపోయి, మామూలుగా 12 నెలలు దాటితే, ఆ సంగతి టీచరో డాక్టరో ధ్రువీకరిస్తే 25 ఏళ్లలోపు విద్యార్థికి తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి తీసుకోరు. మన దరఖాస్తు ఫారంలో అలాంటి గడే లేదు. ఉండి తీరాలి.

ఇక మీకు తెరిచి ఉన్న దారులు చూద్దాం. మొదటిది ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) ఇచ్చే ప్రగతి స్కాలర్‌షిప్. ఆడపిల్లలకు ఏడాదికి 50,000 రూపాయలు ఇస్తుంది, కుటుంబ ఆదాయం 8 లక్షల వరకు ఉండవచ్చు. మీ కాలేజీకి ఏఐసీటీఈ అనుమతి ఉండాలి. కొత్త దరఖాస్తు మొదటి సంవత్సరంలోనే పెట్టాలి (డిప్లొమా తర్వాత నేరుగా రెండో సంవత్సరంలో చేరే లేటరల్ ఎంట్రీ వాళ్లయితే రెండో సంవత్సరంలో), కాబట్టి ఈ ఏడాది వదులుకోవద్దు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. ఇక్కడా ఆదాయ ధ్రువపత్రం కావాలి, అది నాన్నగారిదే. అమ్మగారి ద్వారానో పిన్ని ద్వారానో జీతం స్లిప్పు, ఫారం 16 (జీతం, అందులో కోసిన పన్ను వివరాల పత్రం) తెప్పించుకోగలిగితే సగం పని అయినట్టే.

డబ్బు మంజూరయ్యాక చేజారేది బ్యాంకు దగ్గర. మీ ఆధార్‌కి నాన్నగారి ఫోన్ నంబరే ఉంటే ఓటీపీలన్నీ ఆయనకే వెళ్తాయి. ఆధార్ కేంద్రానికి స్వయంగా వెళ్లి వేలిముద్ర వేస్తే నంబరు మారుస్తారు, దానికి ఏ కాగితమూ అక్కర్లేదు. మైనరుగా ఉన్నప్పుడు నాన్నగారి పేరు కలిపి తెరిచిన ఖాతాను వదిలేయండి. మీ ఒక్కరి పేరుతో కొత్త ఖాతా తెరిచి, ఆధార్ సీడింగ్ (ఖాతాకు ఆధార్‌ను జోడించే) ఫారం ఇవ్వండి. సర్కారు డబ్బు చివరిసారి సీడింగ్ చేసిన బ్యాంకుకే వెళ్తుంది. ఈ ఒక్క ఫారం మర్చిపోతే 50,000 పాత ఖాతాలో పడుతుంది.

రెండోది విద్యారుణం. 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చే పద్ధతి ఉంది. బ్యాంకులు సహ రుణగ్రహీతగా నాన్నగారినే అడుగుతాయి. సంరక్షకుడు కూడా సంతకం చేయవచ్చు కాబట్టి మామయ్యను తీసుకెళ్లండి. మీ కాలేజీ పీఎం విద్యాలక్ష్మి (కేంద్రం ఎంపిక చేసిన కాలేజీలకు వర్తించే విద్యారుణ పథకం) జాబితాలో ఉందేమో ఆఫీసులో అడగండి. ఉంటే తాకట్టూ హామీదారూ లేకుండానే అప్పు దొరుకుతుంది. 8 లక్షల ఆదాయ పరిమితి అందులో 3 శాతం వడ్డీ రాయితీకి మాత్రమే, అప్పుకి కాదు.

మూడోదాన్ని చాలామంది తలవనైనా తలవరు. మీది హిందూ కుటుంబమైతే, హిందూ దత్తత, మనోవర్తి చట్టం 1956లోని 20వ సెక్షన్ ప్రకారం, సొంత సంపాదనతో బతకలేని పెళ్లికాని కూతురిని పోషించాల్సిన బాధ్యత తల్లిదండ్రులదే. పోషణలో చదువు ఖర్చు కూడా కలిసి ఉంటుందని 3వ సెక్షన్ చెబుతుంది. 18 నిండిన కూతురికీ ఈ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2020లో స్పష్టం చేసింది. 18 దాటిన కొడుక్కి ఈ సెక్షన్ పనికిరాదు. ఆదాయంతో పని లేకుండా మహిళలకు ఉచితంగా లాయరును ఇస్తారు. కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కేసు దాకా వెళ్లకపోయినా, వాళ్లు పిలిచి మాట్లాడితే జీతం స్లిప్పు బయటికి రావచ్చు.

ప్రశ్న: మా మనవడికి 16 ఏళ్లు, ఇంటర్ మొదటి సంవత్సరం. నా కొడుకు, కోడలు విడిపోయి మళ్లీ పెళ్లిళ్లు చేసుకున్నారు. పిల్లవాడిని ఇద్దరూ వదిలేశారు. అనాథ అని రాయించుకుంటే డబ్బు వస్తుందంటున్నారు, నిజమేనా?
– ఓ నాయనమ్మ, గుంటూరు

జవాబు: అమ్మా, అలా రాయించవద్దు. తల్లిదండ్రులు బతికి ఉండగా అది అబద్ధపు పత్రమవుతుంది. అసలు అవసరమూ లేదు. తల్లిదండ్రులు వదిలేసిన పిల్లలకు బాలల న్యాయ చట్టం 2015 ప్రకారం సంరక్షణ పొందే హక్కు ఉంది. కేంద్రం నడిపే బాలల సంరక్షణ పథకం మిషన్ వాత్సల్యలోని స్పాన్సర్‌షిప్ కింద నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. కుటుంబ ఆదాయం ఏడాదికి పట్టణంలో 96,000, పల్లెలో 72,000 దాటకూడదు. జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో దరఖాస్తు ఇవ్వండి, ఆఫీసు ఎక్కడో తెలియకపోతే 1098కి ఫోన్ చేసి అడగండి. బాబు ఆధార్, పుట్టిన తేదీ పత్రం, కాలేజీ స్టడీ సర్టిఫికెట్, మీ ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పాస్‌బుక్ తీసుకెళ్లండి. ఇంటికి వచ్చి విచారిస్తారు, పిల్లవాడు ఎవరి దగ్గర పెరుగుతున్నాడో ఇరుగుపొరుగునూ అడుగుతారు. తర్వాత కాగితాలు బాలల సంక్షేమ కమిటీకి, అక్కడి నుంచి కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీకి వెళ్తాయి. దరఖాస్తు ఇచ్చిన రోజే రసీదు అడిగి తీసుకోండి. 18 నిండితే ఈ డబ్బు ఆగిపోతుంది కాబట్టి ఈ వారమే వెళ్లండి.