ముఖం క్రీము చేస్తనన్న బిడ్డకు పెద్దమ్మ రాసింది

బిడ్డా,

అతిమధురం, మల్బరీ కలిపి నల్లమచ్చలకు క్రీము చేసి అమ్ముతనంటున్నవని మీ అమ్మ నిన్న ఫోన్ల చెప్పింది. బీఫార్మసీ చదివిన పిల్ల సొంతంగ నిలబడతనంటే నాకు కడుపు నిండింది. రాత్రి మాత్రం కన్ను మూతపడలె.

లైసెన్సు చేతికి రాకముందు ఒక్క డబ్బా గూడ అమ్మకు. నీళ్లు కలిసిన క్రీముకు బూజు పడుతది, ప్రిజర్వేటివ్ వెయ్యనని మొండికెయ్యకు. ఇవి నీకు తెలిసినవే.

"చెట్టు మందే గదా, ఏం గాదు" అన్నది మీ అమ్మ. ఆ మాటకే నాకు గుబులైంది. మర్రిగూడ దిక్కు బోరునీళ్ల ఫ్లోరైడ్ గూడ భూమిల పుట్టిందే. ఆ నీళ్లకు కాళ్లు వంకరపోయినోళ్లు దవాఖానకొస్తే నొప్పికి గోలీలిచ్చినదాన్ని నేను.

మీ చిన్నమ్మ సంగతి నీకు ఎవ్వరూ పూర్తిగ చెప్పి ఉండరు. పెండ్లిచూపులు దగ్గరపడ్డయని, ఎవరో చెప్పంగ విని, నకిరేకల్ మార్కెట్ నిమ్మకాయ కోసి ముఖానికి రుద్దుకున్నది. కడుక్కోకుండనే పత్తి ఏరబోయింది. నిమ్మల ఫ్యూరోకౌమరిన్లుంటయి, అవి చర్మం మీద ఉండంగ ఎండ తగిలితే కాలుతది. ఆ దినం ఏం కాలె. రెండోనాటికి చెంపలు ఎర్రగై బొబ్బలు లేచినయి. అవి మానినంక గోధుమరంగు మచ్చలు మిగిలినయి. చెంప మీద మూడు వేళ్ల గుర్తులు, మెడ మీద రసం కారిన గీత, అన్నీ ఎట్లవి అట్లనే కనపడేటియి. కొన్ని నెలలు ఓపిక పడితే వాటంతటవే పోయేటివి. పెండ్లి తొందరల ఆగలేక మందుల దుకాణంల ఒక ట్యూబు తెచ్చుకున్నది. దాంట్ల స్టెరాయిడ్, రంగు తగ్గించే మందు హైడ్రోక్వినోన్ ఉన్నయి. మొదట్ల ముఖం మెరిసింది, ఇంట్ల అందరం సంబరపడ్డం. తర్వాత చర్మం పల్చబడి ఎర్రటి సన్న నరాలు తేలినయి. పొయ్యి కాడ కూసుంటే ముఖం భగ్గుమనేది, పూత ఆపితే ఇంకింత మండేది. ఇప్పటికీ ఫొటో అంటే లోపలికి పోతది పిచ్చిది.

ఇగ నీ మందు సంగతి. అతిమధురంల గ్లాబ్రిడిన్, మల్బరీల ఆక్సిరెస్వెరట్రాల్, బేర్‌బెర్రీ ఆకుల ఆర్బ్యుటిన్, అన్నీ టైరోసినేజ్ ఎంజైమును అడ్డుకునేవే. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీ మొదలయ్యేదే దాని కాడ. గ్లాబ్రిడిన్ నీళ్లల్ల సరిగ కరగదు, వేరును ఉడకబెట్టిన కషాయంతోని పని గాదు. ఎంత శాతమో కాయితం మీద రాసిచ్చే ఎక్స్‌ట్రాక్టే కొను. ఆర్బ్యుటిన్ అంటే గ్లూకోజు అతికిన హైడ్రోక్వినోనే, మోతాదు కాడ పైలం.

రోడోడెండ్రాల్ గురించి చదివినవా? అదీ చెట్లల్ల దొరికేదే. జపాన్‌ల కానెబో కంపెనీ సర్కారు అనుమతితోనే రంగు తగ్గించే క్రీములల్ల కలిపింది. ఆపాలనుకున్న టైరోసినేజే దాన్ని విషంగ మార్చి, మెలనిన్ చేసే కణాలను చంపింది. వేలమందికి బొల్లి లెక్క తెల్లమచ్చలొచ్చినయి, 2013ల సరుకు వాపసు తెప్పించుకున్నరు. అంత పెద్ద కంపెనీకే తెలియనిది నీకు ముందే ఎట్ల తెలుస్తది చెప్పు? అందుకే కొత్త వేరు, కొత్త ఆకు జోలికి పోకు.

క్రీముతోపాటు సన్‌స్క్రీన్ పూసుకొమ్మని తప్పక రాయి. మన నల్గొండ ఎండల అది లేకుంటే నువ్వు తగ్గించిన మచ్చ మళ్ల లేస్తది.

డబ్బా మీద "తెలుపు" అనే మాట మాత్రం రానీకు. నువ్వు పుట్టిన్నాడు, పిల్ల నల్లగుందని ఒకామె మూతి తిప్పితే మీ తాత ఆమెను గడప దాటించిండు. నీ చేతి క్రీము పేరు చెప్పి ఏ పిల్లా తన ఒంటిరంగు చూసి ఏడ్వొద్దు. నల్లమచ్చల వరకే రాయి.

దసరాకు వచ్చేటప్పుడు మొదటి డబ్బా తే. నా ముంజేతికి పూసి రెండు దినాలు చూద్దం. అప్పటిదాక ఎవ్వరి ముఖానికీ పూయకు. చిన్నమ్మ అడిగినా ఇయ్యకు.

మీ పెద్దమ్మ