టెక్ సందేహాలు: బి.ఎడ్. ఇంటర్న్‌షిప్, బడిలో ప్యానెల్, పీపీటీలో తెలుగు

ఈసారి మెయిల్స్‌లో సగానికి పైగా బి.ఎడ్. చేస్తున్నవాళ్ల నుంచే వచ్చాయి. టీచర్ ట్రైనింగ్ కోర్సులకి రూల్స్ పెట్టే ఎన్‌సీటీఈ 2014 రూల్స్ వచ్చాక కోర్సు రెండేళ్లయింది, రెండో ఏడాదిలో ఇంటర్న్‌షిప్ కింద 16 వారాలు బడిలోనే ఉండాలి, అక్కడేమో సర్కారు హైస్కూళ్లలో పెద్ద పెద్ద టచ్ ప్యానెల్స్ వచ్చేశాయి, కాలేజీలో మాత్రం కంప్యూటర్లతో పాఠం చెప్పడం నేర్పాల్సిన ఐసీటీ పేపర్ అంటే ఇంకా రికార్డు రాయడమే. కాబట్టి ఈ వారం కాలమ్ మొత్తం ఛాత్రోపాధ్యాయులకే, అంటే ఈ బి.ఎడ్. వాళ్లకే ఇచ్చేస్తున్నా, ఫోన్లు ఏది కొనాలి అని అడిగినవాళ్లు జర ఆగండి.

మలక్‌పేట నుంచి ఒక ఫిజికల్ సైన్స్ ఇంటర్న్: "సార్, మా స్కూల్లో ప్యానెల్ మీద రాస్తుంటే దానంతట అదే గీతలు పడుతున్నయి, స్క్రీన్ అటూ ఇటూ జరుగుతది, ఒక్కోసారి వేరే యాప్ ఓపెన్ అయితది. ఖరాబైంది వాడకు అంటున్నరు స్టాఫ్. వచ్చే వారం పదో తరగతి విద్యుత్ ప్రవాహం లెసన్‌కి మా సూపర్‌వైజర్ మేడమ్ వస్తున్నరు. ఏం చెయ్యాలె?"

పరేషాన్ అవకండమ్మా, ఎక్కువ శాతం అది ఖరాబు కాదు, దుమ్ము. బడుల్లో పెట్టే ప్యానెల్స్ చాలావరకు ఇన్‌ఫ్రారెడ్ రకం, అంటే మన ఫోన్‌లోలాగా అద్దానికే టచ్ తెలియదు. చుట్టూ ఉండే ఫ్రేమ్‌లో రెండు వైపులా కంటికి కనబడని కాంతిని పంపే చిన్న చిన్న ఎల్‌ఈడీలు, ఎదురు వైపుల్లో దాన్ని అందుకునే సెన్సర్లు ఉంటాయి, అద్దానికి కొంచెం పైన సాలెగూడులాగా ఒక కాంతి వల అల్లి ఉంటుందనుకోండి. వేలు పెడితే ఆ వల ఎక్కడ తెగిందో చూసి అక్కడ టచ్ అయిందని లెక్కేస్తుంది. ఇప్పుడు అర్థమైంది కదా, ఆ వలకి వేలు అని చున్నీ అని తేడా తెలియదు! చున్నీ కొంగు, గాజులు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా మణికట్టు, రాసేటప్పుడు కింద ఆనే అరచేయి అంచు, ఎవరో అతికించి పీకిన సెల్లోటేప్ ముక్క, అన్నీ దానికి వేళ్లే.

అన్నిటికంటే పెద్ద విలన్ చాక్‌పీస్ పొడి. చాలా క్లాసుల్లో ప్యానెల్ పక్కనే నల్లబల్ల ఉంటుంది, డస్టర్‌తో దులిపిన పొడంతా వచ్చి ప్యానెల్ కింది అంచు గాడిలో కూర్చుంటుంది. మీరు చేయాల్సింది: ప్యానెల్ మెయిన్ స్విచ్ దగ్గర ఆఫ్ చేసి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో (కళ్లద్దాలు తుడిచేది ఉంటుంది చూడండి, అదే) ఫ్రేమ్ లోపలి అంచుల్ని నాలుగు వైపులా తుడవండి, కింది అంచుని రెండుసార్లు. నీళ్లుగానీ అద్దాలు తుడిచే స్ప్రేగానీ నేరుగా కొట్టొద్దు, గాడిలోకి దిగితే సెన్సర్ పోతుంది, అప్పుడు నిజంగానే ఖరాబవుతుంది. కిటికీలోంచి ఎండ నేరుగా ప్యానెల్ మీద పడుతున్నా ఇదే గోల వస్తుంది, కర్టెన్ లేకపోతే ఒక చార్టు అడ్డం పెట్టండి చాలు. తర్వాత ఆన్ చేసి ఎవరూ ముట్టుకోకుండా కాసేపు చూడండి. గీతలు ఆగిపోతే అంతే, పని అయిపోయింది. ఇంకా ఒకేచోట గీత పడుతూనే ఉన్నా, ఒక పట్టీ మేర అసలు టచ్ తీసుకోకపోయినా ఎల్‌ఈడీ పోయి ఉంటుంది, అది సర్వీస్ వాళ్ల పని, హెచ్‌ఎం గారికి రాతపూర్వకంగా చెప్పండి.

రాసేటప్పుడు ప్యానెల్‌కి పక్కగా నిలబడండి, చున్నీకి పిన్ను పెట్టుకోండి, చెయ్యి ఆనించకుండా దాంతో వచ్చిన పెన్నుతో రాయండి. ఇది అలవాటు కావడానికి పిల్లలు లేనప్పుడు ఒక పీరియడ్ ఖాళీ క్లాసులో రాసుకోవాలి, సూపర్‌వైజర్ ముందు మొదటిసారి ముట్టుకుంటే చేతులు వణుకుతాయి.

ఇక లెసన్ సంగతి, మీరు అడగలేదుగానీ చెప్పాలనిపించింది. చాలామంది ఇంటర్న్స్ పుస్తకంలో ఉన్న పేరాలనే స్లైడ్లలో ఎక్కించి ప్యానెల్ మీద చదివేస్తున్నారు, దానికి ప్యానెల్ అక్కర్లేదు, పుస్తకం పిల్లల చేతిలోనే ఉంది. చాక్‌పీస్‌తో చూపించలేనిది ఏదుందో అదొక్కటే ప్యానెల్ మీద పెట్టండి. విద్యుత్ ప్రవాహంలో అది ఎలక్ట్రాన్ల కదలిక. ఫెట్ అని అమెరికాలో కొలరాడో యూనివర్సిటీ వాళ్ల ఫ్రీ సిమ్యులేషన్లు ఉన్నాయి, 2001లో ఫిజిక్స్ నోబెల్ పంచుకున్న కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ప్రాజెక్టు అది. అందులో సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ డీసీ అనేది తీసుకోండి. బ్యాటరీ, బల్బు, వైరు లాగి కలిపితే నీలం చుక్కల్లాగా ఎలక్ట్రాన్లు తిరుగుతుంటాయి, స్విచ్ తీస్తే అన్నీ ఒకేసారి ఆగుతాయి. ఎలక్ట్రాన్ల బదులు కరెంటు దిశ చూపించు అని ఒక ఆప్షన్ కూడా ఉంది, నొక్కితే బాణాలు ఎదురు దిశలో పోతాయి. బోర్డు మీద ఎంత చెప్పినా పిల్లలు తికమకపడే ముక్క అది, ఇక్కడ కళ్లముందే కనబడుతుంది, కాబట్టి అక్కడ ఆగి "ఎందుకిట్ల?" అని వాళ్లనే అడగండి.

బ్యాటరీ 9 వోల్టులు, రెసిస్టర్ 10 ఓమ్‌లు పెట్టి అమ్మీటర్ చూపిస్తే 0.9 ఆంపియర్ వస్తుంది, బ్యాటరీని 18 చేస్తే ఎంతొస్తుందో ముందు పిల్లలతో చెప్పించి తర్వాత మార్చండి. గ్రాఫ్ మాత్రం నోటుబుక్కులో వాళ్లే గీయాలి, సూత్రం నల్లబల్ల మీద మీరు రాయాలి, అది పీరియడ్ అయిపోయేదాకా అక్కడే ఉంటుంది కదా, స్లైడ్ అయితే మారిపోతుంది. అన్నిటికంటే ముందు రెండు టార్చి సెల్స్, ఒక బల్బు, రెండు వైరు ముక్కలతో నిజం బల్బు ఒకటి వెలిగించి చూపించండి. సిమ్యులేషన్ దాని తర్వాతే, లేకపోతే పిల్లలకి అదొక వీడియో గేమ్‌లాగే మిగిలిపోతుంది.

నెట్ గురించి దిగులు వద్దు. ఆ సైట్‌లో డౌన్‌లోడ్ నొక్కితే ఒకే ఒక్క ఫైల్ వస్తుంది, బ్రౌజర్‌లో ఓపెన్ చేస్తే నెట్ లేకుండా నడుస్తుంది, ఇంట్లో వైఫైతో దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. కొన్ని ప్యానెల్స్‌లో ఉండే ఆండ్రాయిడ్ ఆ ఫైల్‌ని ఓపెన్ చేయడానికి మొరాయిస్తుంది, అప్పుడు లాప్‌టాప్ కలపండి. అయితే హెచ్‌డీఎంఐ కేబుల్ ఒక్కటే పెడితే బొమ్మ వస్తుంది, టచ్ రాదు. టచ్ కోసం ఇంకో యూఎస్‌బీ కేబుల్ ఉంటుంది, ప్యానెల్ వైపు ప్రింటర్ కేబుల్‌కి ఉండే చదరపు మూతి, మన వైపు మామూలు యూఎస్‌బీ. చాలా బడుల్లో ఆ కేబుల్ ప్యానెల్‌తో వచ్చిన అట్టపెట్టెలోనే ప్లాస్టిక్ కవర్ కూడా తీయకుండా పడుంటుంది, అడిగి తీయించండి.

దిల్‌సుఖ్‌నగర్, తెలుగు మెథడ్: "డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్‌లో టైప్ చేయించి పీపీటీ చేసుకున్న, అక్కడ మంచిగనే ఉంది, స్కూల్ కంప్యూటర్‌లో పెడితే అంతా ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తున్నయి. మళ్లీ డబ్బులిచ్చి చేయించాల్నా?"

మళ్లీ డబ్బులు పెట్టకండి. అను లాంటి పాత ఫాంట్లలో లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే, వాటి మీద తెలుగు బొమ్మ తొడిగి చూపిస్తుంది ఫాంట్, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తొడుగు ఊడిపోతుంది. యూనికోడ్‌లో అట్లా కాదు, ప్రతి తెలుగు అక్షరానికి దాని సొంత నంబరు ఉంటుంది, ఏ కంప్యూటర్ అయినా తెలుగుగానే గుర్తుపడుతుంది. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఫ్రీగా దొరుకుతాయి, మార్చుకున్నాక వత్తులు, అరసున్నాలు, పద్యపాదాలు ఒక్కొక్కటి పుస్తకంతో పోల్చి చూసుకోండి, తెలుగు టీచర్ స్లైడ్‌లో వత్తు తప్పితే పిల్లలు అదే నేర్చుకుంటారు.

కొత్తగా చేసేటప్పుడు మీరే టైప్ చేయడం నేర్చుకోండి, నిజంగా కష్టం కాదు. విండోస్ 10లో లాంగ్వేజ్ సెట్టింగ్స్‌కి పోయి తెలుగు కలిపితే ఫొనెటిక్ కీబోర్డు ఉంటుంది, అమ్మ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెలుగులో వస్తుంది. ఫాంట్ నిర్మలా యూఐ వాడితే విండోస్ 8 నుంచి ప్రతి దాంట్లో ఉంటుంది కాబట్టి దిగుల్లేదు. కొంచెం అందంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, సూరన్న ఫ్రీగా ఉన్నాయి, కాకపోతే అవి వాడినప్పుడు పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, సేవ్‌లోకి పోయి ఫాంట్లను ఫైల్‌లోనే పొదిగే టిక్ పెట్టండి. దానితోపాటు ఒక పీడీఎఫ్ కాపీ తప్పకుండా పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి, యానిమేషన్లు పోతాయిగానీ అక్షరం చెదరదు. సైజు 32కి తగ్గొద్దు, లైన్ల మధ్య ఖాళీ ఎక్కువ ఇవ్వండి, మనకి కింద వత్తు పైన గుడి రెండూ ఉంటాయి కాబట్టి ఇంగ్లీషు స్లైడ్ కొలతలు మనకి సరిపోవు. చివరి బెంచీలో కూర్చుని ఒకసారి మీరే చదివి చూడండి.

అంబర్‌పేట నుంచి: "మా స్కూల్లో పాత ప్రొజెక్టర్, వీజీఏ ఒక్కటే ఉంది. నా లాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ. కేబుల్ కొన్న, సిగ్నల్ లేదంటది."

మీరు కొన్నది ఉత్త కేబుల్ అయ్యుంటుంది. హెచ్‌డీఎంఐ డిజిటల్, వీజీఏ అనలాగ్, మధ్యలో మార్చే చిప్ ఉండాలి, అంటే హెచ్‌డీఎంఐ టు వీజీఏ కన్వర్టర్ అని అడగాలి. ఆడియో పిన్ను ఉన్నదే తీసుకోండి, ఎందుకంటే వీజీఏలో సౌండ్ పోదు, స్పీకర్‌కి విడిగా వైరు పెట్టాల్సిందే. కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, లేదా సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి లాప్‌టాప్ పట్టుకునే పోండి, షాపులోనే మానిటర్‌కి పెట్టి చూపించమనండి. బొమ్మ రాకపోతే విండోస్ కీ, పీ కలిపి నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి.

మెహిదీపట్నం నుంచి మ్యాథ్స్ ఇంటర్న్: "ప్రైవేట్ స్కూల్లో చేస్తున్న ఫ్రెండ్ కహూట్ పెట్టి క్విజ్ చేస్తోంది. మా పిల్లల దగ్గర ఫోన్లు లేవు, ఉన్నా బడికి తేనివ్వరు. ఏమైనా దారి ఉందా?"

ఉంది, నాకు చాలా ఇష్టమైన దారి కూడా. ప్లిక్కర్స్ అని ఒక యాప్, ఫోన్ మీ ఒక్కరి దగ్గర ఉంటే చాలు. పిల్లలకి కాగితం మీద ప్రింట్ తీసిన కార్డులు ఇస్తారు, ఒక్కో కార్డు మీద ఒక్కో నంబరు, క్యూఆర్ కోడ్ లాంటి నల్ల ఆకారం, నాలుగు వైపులా ఏ, బీ, సీ, డీ. తను అనుకున్న జవాబు పైకి వచ్చేటట్టు పట్టుకుంటాడు పిల్లాడు, మీరు ఫోన్ కెమెరాని క్లాసు మొత్తం మీద అటు నుంచి ఇటు తిప్పితే ఎవరు ఏం చెప్పారో పేరుతో సహా వచ్చేస్తుంది. ఆ అక్షరాలు చిన్నగా ఉంటాయి, ఒక్కో కార్డు ఆకారం వేరు, అందుకని పక్కవాడిది చూసి ఎత్తడం కుదరదు. 40 కార్డుల సెట్ ఉంది, పెద్ద క్లాసుకి 63 వరకూ ఉంది. మెరిసే లామినేషన్ చేయించకండి, లైటు పడి కెమెరా చదవలేదు. ఫోన్‌లో డేటా కావాలి, అంతే.

దీనివల్ల అసలు లాభం చెయ్యెత్తని పిల్లలది. ఎప్పుడూ ముందు బెంచీ నలుగురే చెప్తుంటారు కదా, ఇక్కడ అందరూ కార్డు ఎత్తుతారు, తప్పు చెప్పినా ఎవరూ నవ్వరు. సగం మంది తప్పు ఎత్తారంటే ముందుకు పోకండి, అక్కడే ఆగి మళ్లీ చెప్పండి. ప్యానెల్ మీద పేర్లతో రిజల్ట్ మాత్రం చూపించకండి, అది మీ ఫోన్‌లోనే ఉండాలి.

ఉప్పల్ నుంచి, పేరు రాయొద్దన్నారు: "చాట్‌జీపీటీతో లెసన్ ప్లాన్లు రాయిస్తే తప్పా? రికార్డులు రాసి రాసి చేతులు పోతున్నయి."

రాత భారం నిజంగానే ఎక్కువ, అందులో మీతో నేను పూర్తిగా ఏకీభవిస్తా. కానీ ఉట్టిగా "పదో తరగతి లెసన్ ప్లాన్ ఇవ్వు" అంటే అది ఏదో ఊరూ పేరూ లేని ప్లాన్ ఇస్తుంది, మన ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర పాఠ్యపుస్తకాలు తయారుచేసే సంస్థ) పుస్తకంలో ఉన్న విద్యాప్రమాణాలు, అంటే విషయావగాహన, ప్రశ్నించడం, ప్రయోగాలు, సమాచార నైపుణ్యాలు అట్లాంటివి అందులో ఉండవు, పారిభాషిక పదాలు కూడా పుస్తకంలో ఉన్నవి కాకుండా సొంతంగా పుట్టిస్తుంది. పీరియడ్ ప్లాన్ మొదటి డ్రాఫ్ట్ మీరే రాయండి, ఏ కృత్యం ఎప్పుడు అనేది మీ క్లాసు చూసిన మీకే తెలుస్తుంది. తర్వాత ఆ పాఠం పేజీలు దానికి ఇచ్చి, "ఈ భావన మీద పిల్లలు సాధారణంగా ఎక్కడ పొరబడతారు, పది ప్రశ్నలు ఇవ్వు" అని అడగండి, అక్కడ బాగా పనికొస్తుంది. ఇచ్చిన ప్రతి లెక్కా మీరు చేసి చూసుకోవాలి, ధీమాగా తప్పు చెప్పడం దానికి అలవాటు. పిల్లల పేర్లు, మార్కులు, ఫోటోలు మాత్రం అందులో పెట్టొద్దు, 2023లో వచ్చిన డేటా ప్రొటెక్షన్ చట్టం 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటుంది. మైక్రోటీచింగ్ (ఒక్కో బోధనా నైపుణ్యం మీద చెప్పే చిన్న పాఠాలు) వీడియోలు ఇన్‌స్టాలో పెడుతున్నవాళ్లు కూడా ఇది గమనించండి.

చివరగా తార్నాక నుంచి: "స్కూల్ ప్యానెల్‌లో నా జీమెయిల్ లాగిన్ చేసి మరిచిపోయి వచ్చిన. రేపు ఆదివారం."

ఇప్పుడే ఫోన్‌లో గూగుల్ అకౌంట్ ఓపెన్ చేసి సెక్యూరిటీలోకి పోండి, మీ డివైజెస్ లిస్టులో ఆ ప్యానెల్ కనబడుతుంది, దాన్ని నొక్కి సైన్ అవుట్ చేయండి. పాస్‌వర్డ్ కూడా మార్చేయండి. వాట్సాప్ వెబ్ కూడా పెట్టి ఉంటే వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్‌లోకి పోయి దాన్నీ తీసేయండి. వచ్చేసారి నుంచి ప్యానెల్‌లో ఇన్‌కాగ్నిటో విండోలోనే లాగిన్ అవండి, లేదా బడి పనులకే ఒక వేరే జీమెయిల్ పెట్టుకోండి.