ఇథియోపియా అలిచా కూర ఇంట్లో ఎలా వండాలి?

అలిచా అంటే బెర్బెరె (ఇథియోపియా వాళ్ల ఎండుమిర్చి మసాలా పొడి) కారం పడని పసుపుపచ్చ కూర. నలుగురికి రెండు ఉల్లిపాయలు సన్నగా తరిగి, 4 పెద్ద చెంచాల నూనెలో సన్నసెగ మీద 10 నిమిషాలు మగ్గించండి. అసలు ఎర్రబడనివ్వకండి, ఎర్రబడితే కూర రంగు మురికిగా మారి రుచి చెడుతుంది. అల్లంవెల్లుల్లి ముద్ద చెంచాడు, పసుపు అరచెంచా వేసి పచ్చివాసన పోయాక 3 క్యారెట్ల ముక్కలు, కప్పు నీళ్లు. క్యారెట్ ఉడకడం ఆలస్యం, అందుకే ముందు అది. 8 నిమిషాలకు 3 బంగాళాదుంపల పెద్ద ముక్కలు, ఉప్పు వేసి మూతపెట్టి మరో 15 నిమిషాలు. గరిటె పెడితే దుంప చిదిమిపోతుంది, గిన్నెనే కుదపండి. చివర్లో గింజలు తీసిన రెండు పచ్చిమిర్చి చీలికలు, వాసన కోసం. ఇథియోపియా ఆర్థడాక్స్ క్రైస్తవులు బుధ, శుక్రవారాల ఉపవాసాల్లో దీన్ని వెన్న లేకుండా నూనెతోనే వండి ఇంజెరా అనే పులిసిన పిండి అట్టుతో తింటారు.