కళ్ళు కాస్తా కల్లయితే

చిట్టీ,

మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి ఒకటే ఏడుపు. నువ్వు రెండు రోజులుగా అన్నం ముట్టడం లేదట, పాటని యూట్యూబ్‌లోంచి తీసేస్తానంటున్నావట. తీసెయ్యకు. మిగతాది నిదానంగా చెబుతాను.

పాట విన్నాను. 'నీ కళ్ళు చాలు నాకు' అని రాసుకుని 'నీ కల్లు చాలు నాకు' అని పాడావు. ఇంకేముంది, తాటిచెట్టు ఎక్కే మనిషి వీడియోకి నీ గొంతు తగిలించారు. 'ళ పలకలేనివాళ్ళకి తెలుగు పాటలెందుకు' అని ఒక గుంపు. 'ట్యూన్ బాగుంది కదా, పిల్ల మీద పడతారేం' అని ఇంకో గుంపు. ఇప్పుడు వాళ్ళ కొట్లాట వాళ్ళది. మధ్యలో నువ్వు దూరి ఎవరికీ జవాబు చెప్పకు, నీ వైపు మాట్లాడేవాళ్ళకి కూడా. నువ్వు ఒక్క థాంక్స్ పెట్టినా అవతలివాళ్ళు దాని మీద ఇంకో రీల్ చేస్తారు.

అయితే తప్పు తప్పే. మైకు వల్ల, మిక్సింగ్ వల్ల అనకు. ఏ మిక్సింగూ ళని ల చెయ్యదు. నాలుక కొసని వెనక్కి మడిచి అంగిలికి తాకించి వదిలితే ళ, పై పళ్ళ వెనకాల తాకితే ల. అద్దం ముందు కూర్చుని 'పల్లెలో పెళ్ళి, కల్లు తాగిన కళ్ళు' అని రోజూ పది నిమిషాలు అను. నవ్వొస్తే నవ్వు, కానీ అను.

నా సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. తెనాలిలో శ్రీరామనవమి పందిట్లో ఆర్కెస్ట్రాకి పాడుతున్నాను. చరణంలో పై స్వరం దగ్గర గొంతు జారి కీచుమంది. అంతే, ఏడాది పాటు నా సైకిల్ కనపడితే చాలు, కిళ్ళీకొట్టు దగ్గర కుర్రాళ్ళంతా కీచుమనేవాళ్ళు. పెళ్ళిచూపులకి వెళ్తే అక్కడా ఒకడు! మరుసటేడు అదే పందిట్లో అదే పాట ఎత్తుకున్నాను, స్కేలు ఒక మెట్టు దించి. కీచు కోసం ముందు వరసలో కాచుకుని కూర్చున్నారు. రాలేదు. వాళ్ళ మొహాలు చూడాలి!

నీకు మా పందిరి కథ చిన్నదనిపిస్తుందేమో. పెద్దది కావాలంటే అమెరికాలో రెబెకా బ్లాక్ సంగతి చూడు. 2011లో 13 ఏళ్ళ పిల్ల. వాళ్ళమ్మ నాలుగు వేల డాలర్లు కట్టి ఒక సంస్థతో 'ఫ్రైడే' అనే పాట చేయించింది. నిన్న గురువారం, ఇవాళ శుక్రవారం, రేపు శనివారం, అదీ సాహిత్యం. ఫిబ్రవరిలో పెడితే ఎవరూ చూడలేదు. మార్చిలో ఒక్కసారిగా ప్రపంచమంతా మీద పడింది. 30 లక్షలకు పైగా డిస్‌లైకులు. చంపుతామన్న బెదిరింపులు వస్తే పోలీసుల దాకా వెళ్ళింది. జూన్‌లో వీడియో మాయమైంది. సిగ్గుపడి తీసేశారనుకునేవు, కాదు. పాట హక్కులు ఎవరివన్న తగాదా. అప్పటికి దాన్ని 16 కోట్ల సార్లకు పైగా చూశారు! సెప్టెంబరులో మళ్ళీ వచ్చింది. పదేళ్ళకి, 2021లో, ఆ అమ్మాయే దానికి రీమిక్స్ చేసుకుంది. 2023లో సొంత ఆల్బం కూడా తెచ్చింది. ఆ పాట నాకు ఇప్పటికీ నచ్చదు, అది వేరే సంగతి.

అందుకే అడుగుతున్నాను, స్టూడియోవాళ్ళతో నువ్వు సంతకం పెట్టిన కాగితం ఎక్కడుంది? పాట నీ పేరున ఉందా, వాళ్ళ పేరున ఉందా? నీ గొంతుతో రీల్స్ వేలల్లో వస్తున్నాయి, రేపు పైసలొస్తే ఎవరికెళ్తాయి? ఏడవడం తర్వాత, ముందు అది వెతుకు.

ఇంకోటి. కల్లు ముంత జోకు జోకే, వదిలెయ్. కానీ నీ ఒంటి గురించి, మీ అమ్మ గురించి కూసినవాళ్ళున్నారు చూడు, వాటిని స్క్రీన్‌షాట్ తీసి తేదీతో సహా దాచు. బ్లాక్ చెయ్యడం ఆ తర్వాతే. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నేను పక్కన కూర్చుని పెట్టిస్తాను. కామెంట్లు చదివే పని నీ ఫ్రెండ్‌కి అప్పగించు, నువ్వు చూడకు.

ఆదివారం పొద్దున బస్సుకి వస్తున్నాను. హార్మోనియం దుమ్ము దులిపి ఉంచు, ఆ పాట సరిగ్గా మళ్ళీ పాడిస్తాను.

ఒక మాట దాచడం దేనికి, ఆ తాటిచెట్టు వీడియో మా వాకింగ్ గ్రూపులో వేసింది నేనే. పాడింది నువ్వని అప్పటికి తెలీదు. మీ అమ్మకి చెప్పకు.

మావయ్య