స్విచ్ ఆపినా 80 వోల్టులు: మీటరును నమ్మవచ్చా?

ప్రశ్న: ఫ్యాను తీసేసిన చోట వేలాడుతున్న వైర్లను, స్విచ్ ఆపి, డిజిటల్ మల్టీమీటరుతో చూస్తే 80 వోల్టులు చూపిస్తోంది. టెస్టర్ కూడా మసకగా వెలుగుతోంది. మీటరు పాడైందా? ఇలాంటి పరికరాలను ఎంతవరకు నమ్మవచ్చు?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: మీటరు పాడై ఉండకపోవచ్చు. గోడలోని పైపులో ఫేజ్ వైరు (కరెంటును తెచ్చే వైరు) పక్కనే, స్విచ్ ఆపడంవల్ల ఎటూ కలవకుండా మిగిలిన మరో వైరు ఉంటే, ఆ రెండూ ఒక చిన్న కెపాసిటరులా పనిచేసి అతి స్వల్పమైన కరెంటును దాటనిస్తాయి. డిజిటల్ మీటరు అంతర్గత నిరోధం సాధారణంగా 10 మెగాఓములు (కోటి ఓములు) కాబట్టి ఆ కాస్త కరెంటుకే పెద్ద అంకె కనిపిస్తుంది. టెస్టర్‌లోని నియాన్ దీపానికీ అది చాలు. స్విచ్ ఆపినా కొన్ని ఎల్‌ఈడీ బల్బులు మినుకుమినుకుమనడానికి తరచు ఇదే కారణం.

సంగతి తేలాలంటే ఆ రెండు వైర్ల మధ్య 40 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టించి మళ్లీ కొలవాలి. వెలిగేటప్పుడు సుమారు 1,300 ఓములు, చల్లగా ఉన్నప్పుడు అంతకన్నా చాలా తక్కువ నిరోధం ఉండే ఆ బల్బు ముందు ఉత్తుత్తి వోల్టేజి నిలవదు, అంకె దాదాపు సున్నాకు పడిపోతుంది. పడిపోకపోతే అది నిజమైన లీకేజీయే. మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్ను పిలవండి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది దీనికి విరుద్ధమైన పొరపాటు, అంటే కరెంటు ఉన్నా లేదనుకోవడం. స్విచ్‌ను ఫేజ్‌కు బదులు న్యూట్రల్‌కు (కరెంటు తిరిగి వెళ్లే వైరుకు) పెట్టిన ఇళ్లలో, ఆపిన తరువాత రెండు వైర్ల మధ్య బల్బు వెలగదు, కానీ వాటిలో ఒకదానికీ ఎర్త్‌కూ మధ్య పూర్తి 230 వోల్టులు ఉంటాయి. అందుకే ప్రతి వైరునూ ఎర్త్‌తో విడిగా కొలవాలి. టెస్టర్ వెలగలేదు కదా అని వైరు ముట్టుకోవడం మరీ ప్రమాదం: దాని కరెంటు మన ఒంటి గుండా నేలకు చేరాలి కనుక, చెక్క స్టూలు ఎక్కి పట్టుకుంటే ఫేజ్ ఉన్నా సరిగా వెలగకపోవచ్చు, పట్టపగలు ఆ వెలుగు కంటికి ఆనకపోవచ్చు. ఏ పరికరాన్నయినా కరెంటు ఉందని తెలిసిన సాకెట్‌లో ముందొకసారి, పని అయ్యాక మరొకసారి సరిచూడండి.

మీటరులో బ్యాటరీ అయిపోవస్తోందన్న గుర్తు కనిపిస్తే ఆ అంకెలను లెక్కలోకి తీసుకోకండి. చతురస్ర తరంగమిచ్చే ఇన్వర్టరును చవక మీటరుతో కొలిస్తే సుమారు 11 శాతం ఎక్కువ చూపవచ్చు. అక్కడ తరంగం ఆకారం ఏదైనా అసలు విలువ చూపే ట్రూ ఆర్‌ఎంఎస్ మీటరే కావాలి.